మా శ్రీనాథ్ కాదన్న పాటలు

మా తమ్ముడు శ్రీనాథ్‌కు ముప్పై ఏళ్లు. గద్వాలలో మా ఇంటి మగ్గం మీద వాడూ నేనూ పక్కపక్కనే కూర్చుని నేస్తాం. చీర నడుమంతా నూలు, అంచు పట్టు. రెంటినీ పోగుపోగునా కలపాలంటే ఇద్దరు మనుషులు కావాల్సిందే. పదేళ్లుగా నా పగళ్లన్నీ వాడి పక్కనే గడిచాయి.

వాడికి కొరియా పాటల పిచ్చి. ఐదుగురు పిల్లగాళ్లు, పెదవులకు రంగు, చెవులకు పోగులు, ఎగురుతూ పాడుతుంటారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వీడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపుతూ నేసేవాడు. వాళ్ల ఫొటో మగ్గం వెనక గోడకు అంటించాడు కూడా.

"సిగ్గు లేదార, మీసాలొచ్చినోనివి! గివి ఆడపిల్లలు వినే పాటలు" అని రోజూ తిట్టేదాన్ని.

"పానం హాయిగుంటదక్కా, గంతే" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకింకా మండేది.

పోయిన మాఘంలో కొత్తకోట నుంచి సంబంధం వచ్చింది. పిల్ల మానస, ఇల్లు చూస్తానని పెద్దల వెంట తనూ వచ్చింది. అప్పటికే మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే వాడు ఒంటరిగా మిగిలిపోతాడని నా భయం. ఫొటో చింపనివ్వలేదు వాడు. సరేనని దాని మీద కొత్త చీర వేలాడదీశాను. నా తెలివి తగలెయ్య! వచ్చినవాళ్లూ నేతవాళ్లే. చీర కనబడితే తిప్పి, అంచు కలిసిన చోటు చూడకుండా ఉంటారా? పిల్ల మేనత్త కిష్టమ్మ లేచి చీర ఎత్తనే ఎత్తింది.

"గా ఫొటో మా బిడ్డ ఉమది" అనేశాను గబుక్కున.

మానస మాత్రం శ్రీనాథ్ వైపే చూసింది. "మీరు వినరా వీళ్ల పాటలు?" అంది.

వాడు నోరు తెరిచాడు. నేను కళ్లెర్రజేశాను.

"ఆడపిల్లల పాటలు నేనెందుకు వింట?" అన్నాడు. అచ్చం నా గొంతే.

మర్నాడు కిష్టమ్మ ఫోన్ చేసింది. "మా పిల్ల గవే పాటలు వింటదమ్మా. ఆడపిల్లల పాటలంటేనే గంత చులకనైతే, రేపు నన్నేం జూస్తడు, నాకొద్దు అంటుంది" అని చెప్పి పెట్టేసింది.

ఆ రోజే వాడు ఫొటో పీకేశాడు. ఇప్పుడు తల ఊగదు, నవ్వు లేదు. పక్కన మనిషి ఉన్నాడో లేడోనని ఒక్కోసారి ఉలిక్కిపడి చూస్తాను. ఉంటాడు. ఆ దిక్కుమాలిన పాటలు ఇప్పుడు నాకే వినబడుతున్నాయి. అంట్లు తోముతుంటే వినబడతాయి. బీచుపల్లి గుడిలో అంజన్న ముందు కళ్లు మూసుకున్నా అవే.

మొన్న ఇక తట్టుకోలేక వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "తప్పంత నాదేర. ఆ పిల్లకు ఫోన్ జేసి నిజం చెప్పు."

చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. ముఖంలో కోపం కూడా లేదు.

"ఏం జెప్పాల్నో నువ్వే చెప్పక్కా. నేను గదే అంట."

నా వైపు పోగు ఎప్పుడు అందిస్తానా అని వాడు చూస్తూ కూర్చున్నాడు.