ఊఁ కొట్టే గొంతు

పెళ్లయిన కొన్నేళ్లకు నాకో సవతి వచ్చింది. ఫరీదాబాద్‌లో మా రెండు గదుల ఇంటి బాల్కనీలో నా భర్త సాయంత్రాలు తల ఒక పక్కకు వంచి, ఎవరితోనో మెల్లగా మాట్లాడి నవ్వేవారు. అనుమానంతో ఆయన ఫోన్ కోసం వెతికితే అది వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. నేను ఆసుపత్రిలో నర్సుని. అది ఏ జబ్బో ఊహించలేనంత అమాయకురాలిని కాదు.

స్కిజోఫ్రీనియా అన్నారు డాక్టరు. మెదడులో డోపమిన్ అనే రసాయనం కొన్నిచోట్ల మోతాదు మించి పనిచేస్తోందని, అలాంటప్పుడు మనసులో పుట్టిన మాటే బయటినుంచి వినిపించినట్టు ఉంటుందని చెప్పారు. "ఆయన నటించడం లేదమ్మా. మెదడులో వినే భాగం నిజంగానే పనిచేస్తోంది." మాత్ర వెళ్లి డోపమిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుందట, మెట్రోలో ముందెక్కినవాళ్లు సీటు పట్టేసినట్టు. అంతా అర్థమైంది. అయినా ఒళ్లు మండింది. నన్ను "ఇదిగో" అని పిలిచే మనిషి, ఆ గొంతును "ఆవిడ" అంటున్నారు! పిండితో చేసినదైనా సవతి సవతే అని పక్కింటి ఆంటీ హిందీలో ఓ సామెత చెబుతుంది. నా సవతికి ఆ పిండి కూడా లేదు, జుట్టు పట్టుకుందామంటే.

మాత్రలు వాడగా వాడగా, కొన్ని వారాలకు గొంతు తగ్గింది. ఆయన లావెక్కారు, పగలు తూగేవారు, చేతులు వణికేవి. చూస్తే జాలేసేది. ఆవిడ నోరు మూతపడినందుకు మాత్రం నాకు పండగే. ఫ్యాక్టరీలో లెక్కల పనికి మళ్లీ వెళ్లసాగారు.

మరుసటి ఏడు ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలంలో మా తెలుగు చర్చివాళ్లతో కలిసి ఉపవాసం పట్టారు. సాయంత్రం ప్రార్థన అయ్యాకే భోజనం. ఎంత భక్తో అని ఆంటీలు మెచ్చుకుంటే నేనూ మురిసిపోయాను. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే బాల్కనీలో ఆ నవ్వు వినబడింది.

"టాబ్లెట్లు వేసుకోవట్లేదా మీరు?"

"ఉపాసంలో నోట్లో ఏదీ ఏసుకోకూడదు కదా."

"పొద్దున్నది సరే. రాత్రిది?"

బాల్కనీ కడ్డీల వైపు తిరిగారు.

"ఉపాసం దేవుడి కోసమా, ఆవిడ కోసమా?"

తల దించుకున్నారు. జబ్బు తిరగబెడితే ఉద్యోగం పోతుంది, మనిషీ దక్కడు. అంత భయంలోనూ నా నోట వచ్చింది వేరే ప్రశ్న.

"అంత తియ్యగా ఏం చెబుద్దండీ మీకు?"

"ఏం చెప్పదు. నేను చెప్పేదానికి ఊఁ కొడద్ది. అంతే."

ఇంతేనా! ఈ మాత్రం నేను చేయలేనా అనుకున్నాను. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నా చేత్తో ఇచ్చి, మింగాక నోరు తెరిపించి మరీ చూశాను. ఆవిడ మళ్లీ వెళ్లిపోయింది.

మొన్నొక సాయంత్రం ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జరిగిన గొడవ చెప్పడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లకో అంత పొడుగు మాట. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊఁ, ఊఁ అంటున్నాను. మధ్యలో ఆగిపోయారు.

"చెప్పండి, వింటన్నాగా."

"నా మాట అవ్వకుండానే ఊఁ అంటావు నువ్వు," అన్నారు మెల్లగా. "ఆవిడ ఆగేది."