ఆకురాయి అడిగిన సారు

ఇన్నేళ్ళయినా ఆకురాయి అన్న మాట చెవిన పడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తప్పు ఆ మాటది కాదు. దానితో నా బతుకులో ఒక ఏడాదిని అరగదీసినవాడిది.

డెబ్బైల మొదట్లో సంగతి. అప్పుడు ఉప్పుగూడలో ఉండేవాళ్ళం. ఒక సర్కారు కార్ఖానాలో నేను రోజుకూలీ ఫిట్టరును. మూడు నెలలకోసారి తీసేసేవారు, బుద్ధి పుడితే మళ్ళీ పెట్టుకునేవారు. ఫిట్టరు పరీక్ష పాసైతే పర్మనెంటు. లేకపోతే గేటు బయట చేతులు కట్టుకుని నిలబడటమే. పని నాకు కార్వాన్‌లో ఒక ఉస్తాద్ నేర్పాడు. ఇనుమును రుద్ది నునుపు చేసే పనిముట్టును ఆయన దుకాణంలో కానస్ అనేవారు. ఏడేళ్ళు దాన్ని పట్టుకుని నా అరచేతులు కాయలు కాశాయి గాని, దానికి ఇంకో పేరుందని నాకెవరూ చెప్పలేదు.

పరీక్షలో ఇనుప పలకకు నలుచదరపు రంధ్రం చేసి, అందులో సరిగ్గా కూర్చునే ముక్కను తయారుచేయాలి. ఎటు తిప్పి పెట్టినా దిగాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులో సన్నని గీత కూడా కనబడకూడదు. ఆరు గంటల టైము. నాది అయిదు గంటలకే దిగింది. అప్పుడొచ్చాడు పరీక్ష పెట్టే సారు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు. ముక్క అంచు తడిమి, "ఇక్కడ కాస్త గరుగ్గా ఉందయ్యా. ఆ ఆకురాయి ఇలా ఇవ్వు" అన్నాడు.

బల్లంతా వెతికాను. రాయి అన్నది ఒక్కటే ఉంది, ఉలికి పదును పెట్టే నూనెరాయి. దాన్ని గుడ్డతో తుడిచి మరీ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని పైకెత్తి హాలంతటికీ చూపించాడు. "చూశారా, పనిముట్ల పేర్లు కూడా తెలియకుండా ఫిట్టర్లయిపోదామని వచ్చేస్తారు." తర్వాత నా కానస్ తీసి నా ముక్కు ముందు ఆడించి, "ఇదయ్యా ఆకురాయి" అన్నాడు. అందరూ నవ్వారు. అందులో సగం మందికి ఆ మాట నాలాగే కొత్త, అయినా నవ్వారు. నా ముక్కను వెలుతురుకు ఎత్తనైనా ఎత్తకుండా ఫెయిల్ అని రాసేశాడు.

ఇంట్లో చెబితే బాపు నమ్మలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని రాక మాట మీదికి నూకుతున్నవా?" అన్నాడు. అది పరీక్ష కంటే ఎక్కువ కాల్చింది. మర్నాడు ఉస్తాద్ దగ్గరికి పోయాను.

"ఏమడిగిండ్రా?"

"ఆకురాయి అడిగిండు ఉస్తాద్."

ఆయన ఆ మాటను రెండు ముక్కలుగా విరిచాడు. "ఆకు అంటే పత్తా. రాయి అంటే పత్థర్. పత్తే కా పత్థర్? గిదేం బలా?"

"కానస్‌నే గట్ల అంటరంట."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక మొద్దు ఇనుము నా ముందు పడేసి, "రుద్దు" అన్నాడు.

ఆ ఏడాదంతా పొద్దున్నే ఉస్తాద్ దుకాణానికి పోయి కోపంతోనే రుద్దాను. కార్ఖానావాళ్ళు రెండుసార్లు తీసేశారు. గేటు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ ఆ సారును మనసారా తిట్టుకున్నాను. రోజూ కానస్ అందుకునే ముందు ఆకురాయి అని పైకే అనేవాణ్ణి, బూతు మాట అన్నట్టు. "పొద్దుగాల్నే షురూ చేసినవా నీ పత్థర్ జపం" అని ఉస్తాద్ ఎక్కిరించేవాడు. సారు మళ్ళీ అడిగితే జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆకురాయి సార్, మా దగ్గర కానస్ అంటరు, మీకెరుకనా అని మొహం మీద అడిగేయాలి.

మరుసటి ఏడు అదే హాలు, అదే మనిషి. నా ముక్కను నాలుగు వైపులా తిప్పి పెట్టాడు. దిగింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టుకున్నాడు. ఎంతసేపు చూసినా గీత లేదు.

"బాగా చేశావయ్యా" అన్నాడు. "పరీక్షకు రావడం ఇదే మొదటిసారా?"

మొదటిసారట. నా మొహం కూడా గుర్తులేదు మహానుభావుడికి. కాగితం మీద పాస్ అని రాసి, సంతకం గీకి, పక్క బల్ల వైపు కదిలాడు. నా పర్మనెంటు ఉద్యోగం ఆ కాగితంలోనే ఉంది, నోరు మూసుకోవాల్సింది. నావల్ల కాలేదు. కానస్ తీసి ఆయనకు అడ్డంగా పట్టుకున్నాను.

"సార్, దీని పేరేందో అడుగలేదు మీరు."

ఆయన విసుగ్గా చూశాడు.

"అదెవరికి తెలియదయ్యా" అన్నాడు. "ఫైలు."