అద్దకం చెయ్యి

కొత్త కలంకారీ దుప్పటి విప్పగానే కరక్కాయ వాసన గుప్పుమంది. పెడనలో మా అద్దకం షెడ్డు గుర్తొచ్చింది.

అమ్మ చెక్క అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో రెండుసార్లు గుద్దేది. పక్కనే ఉయ్యాల్లో చెల్లి ఉండేది. కూర్చోవడం రాగానే అది కంచాన్నీ, పిల్లినీ, నా వీపునీ అలాగే రెండేసిసార్లు గుద్దేది.

"అమ్మా, దీనికి పుట్టుకతోనే అద్దకం వచ్చేసింది!" అన్నాను, నాకు రాలేదన్న అసూయతో.

"పుట్టుకా పాడా! పొద్దస్తమానం నన్ను చూస్తోందిగా," అంది అమ్మ. నేను నమ్మలేదు.

ఇప్పుడు పెడన ముఖమే చూడని నా కూతురు ఆ దుప్పటి మీద కూర్చుని బొమ్మను జోకొడుతోంది. మెత్తగా రెండు దెబ్బలు, ఆగి మళ్లీ రెండు.

"ఎవరు నేర్పారే?" అన్నాను.

"నువ్వేగా! రోజూ నన్నిలాగే జోకొడతావు."

నా చేతికి అద్దకం వచ్చని నాకిన్నాళ్లూ తెలియదు.