చెరపని క్యాసెట్

మొన్న ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. యుద్ధాల నాటి వస్తువులు ఎవరిళ్ళలో దాచుకుని ఉన్నా తెమ్మని, ఫొటోలు తీసి, గొంతులు ఎక్కించి, అందరూ చూసేలా కంప్యూటర్‌లో భద్రపరుస్తామని కామారెడ్డిలో కొందరు కలిసి పెట్టిన కబురు. చదవగానే ఎల్లారెడ్డిలో ఉన్న మా మేనత్త క్యాసెట్ గుర్తొచ్చింది. వెంటనే భయమూ వేసింది, ఎందుకంటే దాన్ని ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నేను అత్త దగ్గరే ఉండి చదువుకున్నాను. మామ కువైట్‌లో పనికి పోయాక ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ తిరిగేవి. సెలవుకు వచ్చినవాళ్ళెవరో మామ గొంతు తెచ్చేవాళ్ళు. వాళ్ళు తిరిగి పోయేటప్పుడు అదే క్యాసెట్‌లో మా జవాబు నింపి పంపేవాళ్ళం. మా మాట ఎక్కాలంటే మామ మాట చెరిగిపోవాల్సిందే. గోడలకు చెవులుంటాయంటారు గానీ, క్యాసెట్ వచ్చిన రోజు వాడకు వాడే చెవులై మా అరుగు మీద కూర్చునేది. కువైట్ చాలా దూరమని ఎవరో చెప్పగా విన్న ముసలమ్మ, అంటే అత్తకు అత్తగారు, టేపురికార్డరుకు నోరు ఆనించి మరీ అరిచేది.

ఒకసారి వచ్చిన క్యాసెట్‌కు జవాబు నింపేలోపే కువైట్‌లో యుద్ధం మొదలైంది. అన్నం పక్కన పెట్టి రేడియో వార్తలకు చెవులప్పగించేవాళ్ళం. దారులు తెరుచుకోగానే పంపవచ్చు, మాటలు నింపి ఉంచుదామని ముసలమ్మ పట్టుబట్టింది. అత్త క్యాసెట్‌ను బియ్యం డబ్బా అడుగున దాచేసింది. "నేను మాట్లాడితే ఆయన మాట పోతది. ఆయన వచ్చినంక మాట్లాడుత" అంది. మొగుడికి ఒక్క మాట పంపడానికి కూడా మనసు రాలేదని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. తర్వాత కువైట్‌లో పనికి పోయిన గాంధారి ఊరి వైపు వాళ్ళు, మద్నూర్ వైపు వాళ్ళు ఎడారి దాటి, పీక్కుపోయిన మొహాలతో ఒక్కొక్కరే ఇళ్ళకు చేరారు. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, అత్త వీధిలోకి పరుగెత్తేది. మామ రాలేదు. చూశామన్నవాళ్ళు లేరు, పోయాడన్నవాళ్ళూ లేరు.

ఆ క్యాసెట్ మళ్ళీ మోగలేదు. పక్కింటివాళ్ళ టేపును యంత్రం నమిలేయడం అత్త కళ్ళారా చూసింది. ఇప్పుడు నేను నచ్చజెప్పి బస్సెక్కించాను గానీ, దారి పొడుగునా కొంగులో మూటగట్టిన క్యాసెట్‌ను ఆమె రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

కామారెడ్డిలో ఆ పని చూస్తున్న అమ్మాయి క్యాసెట్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. టేపు పాతబడిందని, ఒక్కసారి తిప్పినా తెగిపోవచ్చని, వద్దంటే ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తానని దాచకుండా చెప్పింది. అత్త నా వైపు చూసింది. తెగితే ఆ పాపం నాదే.

"పెట్టు బిడ్డా. నేను పోయినంక గిది ఉత్త డబ్బానే అయితది" అంది అత్త.

అమ్మాయి ప్లేయర్ పక్కన చిన్న మైకు పెట్టి మీట నొక్కింది. గరగర. మళ్ళీ గరగర. అప్పుడు మామ పలికాడు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. ఎద్దును అమ్మేశారా అని అడిగాడు. ఆ రోజుల్లో ప్రశ్న అడిగాక, ఎదురుగా మనిషి ఉన్నట్టే కాసేపు ఆగడం అందరికీ అలవాటు. మామ ఆగిన చోటల్లా అత్త జవాబు చెప్పింది. అమ్మ పోయిందని, ఎద్దును ఆ ఏడే అమ్మామని. టేపు కీచుమన్నప్పుడల్లా నా చేతిని నలిపేస్తోంది గానీ జవాబు మాత్రం ఆపలేదు.

చివరికి మామ నవ్వాడు. "నేనొచ్చేదాంక ఇంట్ల ఉంటవా, అలిగి పుట్టింటికి పోతవా?"

"యాడికి పోలే. గీడనే ఉన్న" అంది అత్త.

టేపు తెగలేదు, మైకులో అత్త జవాబులూ ఎక్కాయి. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో నొక్కినా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. ఆయన ప్రశ్నకూ ఆమె జవాబుకూ మధ్య ఒక్క క్షణమే వినిపిస్తుంది. ఆ క్షణంలోనే మా అత్త ముసలిదైపోయింది.