జ్వరమని చెంబు లాక్కున్నాడు

పోయిన నెల ఈ ఫ్లూ జ్వరంలోనే నా పెద్ద బిడ్డ దాహం దాహమంటూ పోయింది. మెదడు కింది గ్రంథి చెడి, తాగిన నీళ్లు ఒంట్లో నిలవని జబ్బు దానిది. నీళ్లు మాత్రం ఆపొద్దని మద్రాసు డాక్టరు ముందే చెప్పాడు. చిన్నదానికీ అదే జబ్బు, ఇప్పుడు అదే జ్వరం. ఈ రోజు బండి కట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోతే, అప్పుడు పెద్దదాని చేతిలో చెంబు లాక్కున్న కాంపౌండరే ఇప్పుడు దీని చేతిలోదీ లాక్కున్నాడు.

"జొరంలో నీళ్లేందమ్మా? పెద్దదానికీ నువ్వు తాపబట్టే పోయింది."

"తాపలేదు సామీ! నీ మాట ఇని తాపలా, అందుకే పోయింది," అన్నాను.

ఆయన తన బల్ల మీది కూజా వంచుకుని తాను గటగటా తాగాడు. ఆయన దగ్గర్నించి ఆ చెంబు తిరిగి లాక్కుని నా బిడ్డకు తాపాను. మూడు చెంబులు తాగాక కళ్లు తెరిచింది.

ఆయనకు జ్వరమొస్తే ఆ కూజా ఎవరు దాస్తారో, మీకు తెలిస్తే చెప్పండి.