తువ్వాలల లిస్టు

ఎనభైల్లో నేను వరంగల్లో ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు మాకు కంప్యూటర్ భాష చెప్పిన సారుకు కోపం ముక్కు మీదే ఉండేది. అయినా ఆయనంటే మాకు ప్రాణం. ఎక్కినంత తొందరగానే దిగిపోయే కోపం అది. ఆయన చెప్పిన భాష లిస్ప్. లెక్కలవాళ్ల కోసమే పుట్టిందని మురిసిపోయేవాడు. అందులో అన్నీ లిస్టులే. లిస్టంటే ఒక వరస. ఎవరికైనా తన తర్వాత ఎవరున్నారో మాత్రమే తెలుస్తుంది, ఆపైన ఎవరున్నారో తెలియదు.

ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కలేదు. మా దగ్గర కంప్యూటర్ లేదు. ప్రోగ్రామును అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేయించి వేరే కాలేజీకి పంపితే, వారం తర్వాత ఫలితం కాగితం మీద అచ్చయి వచ్చేది. క్లాసువాళ్ల పేర్లతో లిస్టు చేసి, ఆలస్యంగా చేరిన నా నేస్తం పేరును మధ్యలో ఇరికించాలి. అది సరిగా వస్తేనే ప్రాక్టికల్ పాసు. లిస్టు మొదట నా పేరే పెట్టుకున్నాను, అదో ముచ్చట. ప్రతిసారీ నా పేరు, నేస్తం పేరు వచ్చేవి, అంతే. మిగతా క్లాసంతా మాయం.

ఆ పేపర్ అప్పటికే ఒకసారి తప్పాను. మా నాన్న, మాకు బాపు, మగ్గం మీద తువ్వాలలు నేసేవాడు. "ఈపాలి తప్పితే సదువు బంద్ జెయ్యి బిడ్డా. నాతోని ఐతలేదు" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు.

మళ్లీ అదే కాగితం వచ్చిన రోజు సారు డస్టర్‌ను బల్లకేసి కొట్టాడు. "అందరు వరండాలకు నడువుండ్రి!" మమ్మల్నే లిస్టు చేస్తాడట. ఒక్కొక్కరు తన తర్వాతివాళ్ల భుజం పట్టుకోవాలి. నా తర్వాత నిలబడింది ఒక అబ్బాయి. క్లాసులో ఆడపిల్లలం నేను, నా నేస్తం, ఇద్దరమే. నేను చెయ్యి ఎత్తలేదు. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. సారుకు సంగతి అర్థమై, "రుమాళ్లు తియ్యుండ్రి, కొసలు పట్టుకుందురు" అన్నాడు. మగపిల్లల మాసిన రుమాళ్లు చూశాక ఆ ఆలోచనా మానుకున్నాడు. అప్పుడు నేస్తం అంది, "సార్, వీళ్లింట్ల తువ్వాలలు నేస్తరు."

"లెక్కల పాఠానికి తువ్వాలలెందుకు బిడ్డా? చెమట తుడుసుకునేటందుకా?" అని ఆ రాత్రి ఇంట్లో బాపు నవ్వాడు. నవ్వుతూనే కట్ట కట్టిచ్చాడు. "మాపకుండ తేవాలె. సావుకారుకు ఇచ్చేటియి."

మర్నాడు వరండాలో మళ్లీ వరస కట్టాం. నా తువ్వాల రెండో కొస ఆ అబ్బాయి చేతిలో, వాడి తువ్వాల కొస అవతలివాడి చేతిలో, అలా చివరిదాకా. నేస్తం ఒక తువ్వాలతో పక్కన నిలబడింది. "ఈమెను నీ తర్వాత చేర్చు" అన్నాడు సారు. నేను చటుక్కున అబ్బాయి చేతిలోంచి నా తువ్వాల లాగేసి నేస్తానికిచ్చాను. ఆమె తువ్వాల రెండో కొస గాలిలో వేలాడింది.

"ఇగ ఆ పిలగాన్ని ఎవలు పట్టుకున్నరు?"

"ఎవ్వలు లేరు సార్."

"ఎవ్వలు పట్టుకోనోన్ని, వాని ఎన్కున్నోళ్లను సుత మిషను చెత్త కింద ఊడ్సి పారేస్తది. పోండ్రి, మీరంత క్యాంటీన్‌కు పోయి చాయ్ తాగుండ్రి!"

క్లాసంతా మా బాపు తువ్వాలలు భుజాన వేసుకుని కేకలేస్తూ పోయింది. వరండాలో నేను, నేస్తం మిగిలాం, అచ్చం నా కాగితం మీద లాగే. సిగ్గుతో పాటు నవ్వూ ఆగలేదు. ముందు నేస్తం తువ్వాల కొస ఆ అబ్బాయికి అందాలి, ఆ తర్వాతే నేను వాణ్ని వదలాలి. ఇన్ని వారాలు తెలియనిది అప్పుడు కళ్లకు కట్టింది.

"సమఝైందా?" అన్నాడు సారు.

"ఐంది సార్."

"మరి పోయి వాళ్లను పిల్చుకరా."

"క్యాంటీన్‌కు ఆడివిల్లలం పోము సార్."

తల గోక్కుంటూ ఆయనే పోయాడు. అందరూ తిరిగొచ్చారు. ఆ అబ్బాయి తువ్వాల మీద ఇంత చాయ్ మరక.

ఆ సాయంత్రం ఇంట్లో భయంభయంగా కట్ట విప్పాను. బాపు మరకను వెలుగులో పెట్టి చూశాడు. "పాఠమైతే వచ్చిందా బిడ్డా?" అన్నాడు. వచ్చిందన్నాను. ఆ తువ్వాలను తన భుజాన వేసుకుని, మిగతావి మడతపెట్టాడు.

వారానికి కాగితం వచ్చింది. నా పేరు, నేస్తం పేరు, ఆ అబ్బాయి పేరు, ఇంకా కిందికి అందరూ. సారు వేలు పెట్టి చివరిదాకా చూసి, "అందరొచ్చిన్రు. నడువుండ్రి, చాయ్ తాగుదాం. మీరిద్దరు సుత" అన్నాడు. క్యాంటీన్‌లో నేను తాగిన మొదటి చాయ్ అదే. చక్కెర ఎక్కువైంది, అయినా ఎంతో నచ్చింది.

ఇంటికొచ్చి ఆ కాగితం బాపు ముందు పరిచాను. బాపుకు ఇంగ్లీషు రాదు. ఒక్కొక్క పేరూ చదివి వినిపించాను. అంతా విని, "తువ్వాల మీద చాయ్ పోసినోడు ఏడున్నడు?" అని అడిగాడు. నేస్తం తర్వాతి పేరు మీద వేలు పెట్టాను. "వాణ్ని సుత ఇడువకపోతివి" అని చాలాసేపు నవ్వాడు. భుజాన ఉన్న మరక తువ్వాలతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఇగ మీదికి ఏం సదువుతవ్ బిడ్డా?" అన్నాడు.