ఏడుగురూ ఉన్నారు, ఒకరు లేరు

సిలాంతోయికి లెక్క రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండేళ్ళపాటు ఆమెకు లెక్కలు చెప్పినవాణ్ణి నేనే కనుక ఈ మాట సాక్ష్యంగానే చెబుతున్నాను. గుణకారమూ భాగహారమూ ఆ తరగతిలో అందరికన్నా ముందు ఆమెకే పట్టుబడ్డాయి. పూసల బేరంలో ఆమెను మోసగించగల వర్తకుడు నారోక్ సంతలో ఇంతవరకు పుట్టలేదు. ఆమె లెక్కపెట్టనివి రెండే: ఆవులు, మనుషులు.

కెన్యాలో ఆవులే ఆస్తిగా బతికే మా మసాయి తెగలో ఇది కొత్త సంగతి కాదు. ప్రాణమున్నదాన్ని వేలెత్తి లెక్కపెడితే దిష్టి తగులుతుందనీ, అంకెకు దొరికింది తరిగిపోతుందనీ పెద్దలు నమ్మారు. మిషన్ బడిలో ఇంగ్లీషు చదువు చదివి, మా ఊరికే మేష్టరుగా తిరిగి వచ్చిన కొత్తలో ఆ నమ్మకాన్ని వదిలించడం నా ఉద్యోగంలో భాగమనుకున్నాను. ఒకనాడు తరగతిలో సిలాంతోయిని లేపి, "మీ నాన్నకు ఆవులెన్ని?" అని అడిగాను. తొమ్మిదేళ్ళ పిల్ల నిటారుగా నిలబడి, "ఉన్నవన్నీ, మేష్టారూ" అంది. తరగతి గొల్లుమంది. మళ్ళీ అడిగాను. అదే జవాబు. బెత్తం తీశాను. ఆ ప్రశ్న ఏ ఇంటి బిడ్డనూ అడగకూడదని నాకు తెలియక కాదు. తెలిసే అడిగాను.

ఆమె తండ్రి కుయోనికి కొడుకులు లేరు. అందుకని బడి లేని పూట మందను తోలేది ఆమే. సాయంత్రం ఆవులు ముళ్ళదడి దాటి దొడ్డిలోకి వచ్చే వేళకు కుయోని వాకిలి పక్కన రాతిమీద కూర్చునేవాడు. వేళ్ళు ముడిచేవాడు కాదు, పెదవులు కదిపేవాడు కాదు. చూసేవాడు, అంతే. కర్రిది, పుల్లది, నుదుట చుక్కది, కొమ్ము విరిగింది, దూడను మరిచిపోయేది. ఒక్కొక్క ముఖమూ ఆయన కళ్ళముందు నుంచి దాటాక, "వచ్చేశాయి" అని లేచేవాడు. ఒక సాయంత్రం ఆయన అలాగే లేవబోతే, పక్కన నిలబడ్డ కూతురు, "లేదు నాన్నా, నాలిక బయటపెట్టుకు నడిచేది రాలేదు" అంది. వెతికితే ఆ ఆవు వాగు గండిలో అప్పుడే పుట్టిన దూడను నాకుతూ దొరికింది. ఈ సంగతి నాకు కుయోని స్వయంగా చెప్పాడు. చెబుతున్నప్పుడు, తన కన్ను తప్పిందన్న చిన్నతనం కంటే కూతురి కన్ను నిలిచిందన్న గర్వమే ఆయన ముఖంలో కనిపించింది.

సిలాంతోయి పెళ్ళి చేసుకుంది, బిడ్డల్ని కన్నది, భర్తను పోగొట్టుకుంది. బిడ్డలు ఎంతమందో నేను రాయను. ఆమెకు ఇష్టం ఉండదు. జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఒకసారి పట్టుబట్టి ఆమెచేత ఒక అంకె చెప్పించాడు. ఆ వానాకాలంలోనే జ్వరంతో ఆ అంకె తగ్గింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. కాకతాళీయమే. ఉందని ఆమె కూడా ఏనాడూ అనలేదు. మరొక అంకె మాత్రం చెప్పలేదు.

మా ఊరు అభయారణ్యం సరిహద్దులో ఉంది. నైరోబీ నుంచి మూడు రోజుల చౌక యాత్రలకు వచ్చే వ్యాన్లు రెండో రోజు సాయంత్రం మా వాకిట్లో ఆగుతాయి. ఒకరికొకరు తెలియని మనుషులు, ఒకే వ్యానులో మోకాళ్ళు తగిలించుకుని వస్తారు. మా కుర్రాళ్ళు ఎగురుతూ ఆడతారు, ఆడవాళ్ళు పాడతారు, పుల్లలు రాపాడించి నిప్పు పుట్టిస్తారు, పేడతో అలికిన ఇంట్లోకి వంగి వెళ్ళి రావడం, చివరకు పూసల బేరం. ఇదంతా తిప్పి చూపించే పని మొదటినుంచీ కుర్రాళ్ళదే. వాళ్ళలో ప్రతివాడూ తాను సింహాన్ని చంపానని చెప్పేవాడు. ఆ మాటలు నిజమైతే ఈ అడవిలో సింహమన్నది ఎప్పుడో అంతరించి ఉండాలి. ఈ అబద్ధాలకు విసిగిన ఆడవాళ్ళు, ఆ పని సిలాంతోయికి ఇమ్మని నిరుడు పెద్దల సంఘాన్ని అడిగారు. అధ్యక్షుణ్ణి నేను. ఎండాకాలం ముగిసేదాకా ఆమెకిచ్చి చూద్దామన్నాం.

చిక్కు అంకె దగ్గర వచ్చింది. వ్యాను డ్రైవరు ముతెంగి కంబా జాతివాడు, పదేళ్ళుగా మా దారిలో తిరుగుతున్నవాడు. బయలుదేరేముందు ఎంతమంది ఎక్కారో ఊరివాళ్ళే చెప్పాలని యాత్రల కంపెనీ నియమం.

"ఎంతమంది ఎక్కారక్కా?"

"ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు."

"అది అంకె కాదక్కా! కాగితం మీద అంకె వెయ్యాలి నేను."

"అయితే నువ్వే వేసుకో. మీ కంబావాళ్ళకి దిష్టేం తగులుతుంది, మీ ఇళ్ళల్లో ఉండేది మేకలేగా."

పూసల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ముతెంగి తగ్గలేదు. "మీ ఆవులకన్నా మా మేకలే నయం. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూస్తాయి."

నవ్వులతో పోయే విషయం కాదది. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వాకిట్లో మనుషుల్ని లెక్కపెట్టి, అంకె వేసి సంతకం చేసే మనిషి కావాలనీ, లేకపోతే తమ వ్యాన్లు మరో ఊరికి పోతాయనీ దాని సారాంశం. అది అన్యాయమైన కోరిక కాదు. నేను సిలాంతోయిని పిలిచి చదివి వినిపించాను.

"సంతకం పెడతాను మేష్టారూ," అంది. "అంకె మాత్రం వెయ్యను."

"వెయ్యకపోతే ఈ పని మళ్ళీ కుర్రాళ్ళకే, తిపాపేకి పోతుంది. ఆదివారం సంఘం కూర్చుంటుంది."

"తిపాపేనా? ఇప్పటికి ఎన్ని సింహాల్ని చంపాడు వాడు?"

"అది ఇక్కడి ప్రశ్న కాదు."

ఆ పని ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు. పూసల వరసలో వెనక కూర్చునే స్త్రీ, వాకిలి దగ్గర ముందు నిలబడి తన ఊరి గురించి తన నోటితో చెప్పుకునే పని అది. అది పోతే, మరో ఆడదానికి అది దక్కే రోజు నా జీవితకాలంలో రాదు. అయినా నేను తీర్మానం ముందుగానే రాసి పెట్టుకున్నాను: అతిథుల ప్రాణాలు ఒకరి నమ్మకం మీద ఆధారపడరాదు కనుక తిపాపేని నియమించడమైనది. ఆ వాక్యంలోని తర్కాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను.

శనివారం సాయంత్రం స్వయంగా చూద్దామని వెళ్ళాను. రెండు తెల్లటి వ్యాన్లు పక్కపక్కన ఆగి ఉన్నాయి, కవలల్లాగా. ముతెంగి వ్యానువాళ్ళను సిలాంతోయి వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచింది. పట్టుకున్న చెయ్యి వెంటనే వదలలేదు. ముఖం చూసింది, నడక చూసింది. పక్కనున్న తన స్నేహితురాలు నోలారితో మా భాషలో మెల్లగా అంటోంది: "ఒకే ముక్కున్న అక్కచెల్లెళ్ళు. మెడ చాచి చూసే పొడుగామె. చేతులు వదలని కొత్త దంపతులు. పుస్తకం పిల్ల. ఎడమకాలు విసిరే పెద్దాయన."

"ఆ పెద్దాయనకి సంబంధం చూడవే నాకు," అంది నోలారి.

"చూస్తాను. మీ ఆయన్ని అడిగి."

నాకు ఆ విద్య లేదు కనుక నేను లెక్కపెట్టాను. ఏడుగురు.

ఆటా పాటా అయ్యాయి. సిలాంతోయి సింహాల గురించి అడిగినవాళ్ళకు, "మా నాన్న ఒక్కసారి చూశాడు. ఆయన ఇటు పరుగెత్తాడు, అది అటు పరుగెత్తింది" అని చెప్పింది. ఎండ వాలింది. చీకటి పడకముందే గుడారాలకు చేరాలని ముతెంగి తొందరపెట్టాడు. మనుషులు ఎక్కారు. అతను కిటికీలోంచి వేలితో పొడుస్తూ లెక్కపెట్టాడు.

"ఏడు. పదండి పదండి." ఇంజను మోగింది.

సిలాంతోయి తలుపుకు చెయ్యి అడ్డంపెట్టింది. "ఆపు."

"మళ్ళీ ఏమైందక్కా? ఏడుగురూ ఉన్నారు."

"ఉన్నారు. కాలు విసిరే పెద్దాయన లేడు."

"ఏడక్కా! ఏడంటే ఏడు. నీకు నామీద నమ్మకం లేకపోతే మేష్టారిని అడుగు."

నేను తొంగిచూసి లెక్కపెట్టాను. ఏడు తలలు. "ఏడుగురూ ఉన్నారు సిలాంతోయీ," అన్నాను. "పొద్దుపోతోంది. బండిని పోనివ్వు." ఆ మాట అన్నవాణ్ణి నేనేనని ఇక్కడ రాయడం న్యాయం.

"పక్క మంద దూడ వచ్చి కలిసినా అంకె సరిపోతుంది మేష్టారూ," అంటూ ఆమె వ్యాను ఎక్కింది. వెనక సీటులో టోపీ ముఖంమీదికి లాక్కుని నిద్రపోతున్న మనిషి టోపీ ఎత్తింది. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు. చెవుల్లో పాట. కళ్ళు నులుముకుని చుట్టూ చూసి, "ఇది మా వ్యాను కాదా?" అన్నాడు.

కాదు. అతనిది పక్కది.

ముతెంగి ఇంజను ఆపాడు. సాయంత్రాలు ఏనుగులు వాగుకు దిగే కాలమది. కేకలు పెట్టబోయిన కుర్రాళ్ళను సిలాంతోయి చెయ్యెత్తి ఆపింది. దడి వెనక పొడి మట్టిలో ఆమె వంగి చూసింది. కుడి చెప్పు ముద్ర స్పష్టంగా ఉంది. ఎడమది పక్కకు ఈడ్చిన గీత. ఆమె ముందు, ముతెంగి వెనక, ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ వెనక నా చేతికర్ర. అంత దగ్గరగా ఉన్న వాగు అంత దూరం కావడం నాకు అదే మొదటిసారి.

ఆయన గట్టుమీద కూర్చుని ఉన్నాడు. మేకపిల్లల వెంట ఫొటోల కోసం వచ్చి, కాలు మడతపడి, లేవలేకపోయాడు. అవతలి ఒడ్డున ఒక తల్లి ఏనుగు, పిల్ల, వాటి వెనక మరికొన్ని నీళ్ళు తాగుతున్నాయి. ఆయన కదలకుండా ఉండడమే ఆయన చేసిన తెలివైన పని. సిలాంతోయి చిటికెడు ధూళి ఎగరవేసి గాలి చూసింది. గాలి మా వైపుకే వీస్తోంది. మాట లేకుండా వెళ్ళి, ఆయన భుజం తట్టి, కుర్రాళ్ళ చేత ఎత్తించింది. తల్లి ఏనుగు ఒకసారి చెవులు విప్పి, మళ్ళీ తొండం నీళ్ళలో పెట్టింది.

దడి లోపలికి వచ్చాక ఆ పెద్దాయనకు మాట వచ్చింది. పోర్చుగల్‌లో తపాలా ఉద్యోగం చేసి విరమించాడట. "నలభై ఏళ్ళు ఉత్తరాల్ని సరైన ఇంటికి చేర్చాను," అన్నాడు. "ఇవాళ నన్నే తప్పుడు చోట వేశారు."

"చిరునామా రాసే వెళ్ళారుగా," అంది సిలాంతోయి ఆయన ఎడమకాలు చూపిస్తూ.

ఆదివారం సంఘం కూర్చుంది. ఎవరూ పిలవకుండానే ముతెంగి వచ్చాడు. "ఉత్తరం రాయించింది నేనే పెద్దలారా," అన్నాడు. "ఆఫీసుకి ఫిర్యాదు చేసింది నేనే. నిన్న అక్క చెయ్యి అడ్డం పెట్టకపోతే ఏడు అని రాసి వెళ్ళిపోయేవాణ్ణి. నిద్రపట్టలేదు నాకు."

తిపాపే లేచాడు. "తప్పు లెక్కది కాదుగా, తప్పు బండి ఎక్కినవాడిది."

అతని మాటలో న్యాయం ఉంది, ఒప్పుకున్నాను. ఒక సంఘటన రుజువు కాదని కూడా చెప్పాను. నలభైమంది వస్తే ఏమిటని సిలాంతోయిని అడిగాను.

"నలభైమందిని నా కన్ను పట్టలేదు మేష్టారూ," అంది దాచకుండా. "అప్పుడు ఇంకొక కన్ను కావాలి. నోలారి ఉంది. తిపాపే వస్తానన్నా నేర్పుతాను."

"నాకు ఆవులు తెలుసులే," అన్నాడు తిపాపే బిగుసుకుపోతూ.

"తెలుసు. మనుషుల్ని కూడా అలాగే చూడాలి మరి. సింహాల కథ చెప్పేటప్పుడు నువ్వు వాళ్ళ ముఖాలు చూడవు."

నవ్వులు ఆగాక నేను తీర్మానం తీసి అక్కడే మార్చాను. అంకె డ్రైవరు వేస్తాడు. ముఖాలు సిలాంతోయి చూస్తుంది. ఇద్దరూ సరేనంటేనే బండి కదులుతుంది. అంకె చెప్పేది పోయినవాళ్ళ సంగతి కాదు, ఉన్నవాళ్ళ సంగతి. ఎవరు లేరో చెప్పగలిగేది కన్ను. రెండూ కావాలి. కంపెనీకి అదే రాశాం. పది రోజులకు, అభ్యంతరం లేదని ఒక్క వాక్యం జవాబు వచ్చింది.

ఉత్తరం చూపించడానికి ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు, ముప్పై ఏడేళ్ళుగా అనవలసిన మాట అన్నాను. ఆ రోజు తరగతిలో నేను అడిగిన ప్రశ్న తప్పు అన్నాను.

ఆమె పూస గుచ్చడం ఆపకుండానే, "ప్రశ్న పర్వాలేదు మేష్టారూ," అంది. "బెత్తమే కాస్త ఎక్కువైంది."

మరుసటి సోమవారం వ్యాను వచ్చింది. తిపాపే ఆమె పక్కన నిలబడి, ఇష్టం లేనట్టే, ఒక్కొక్క అతిథి నడకా చూశాడు. సాయంత్రం ముతెంగి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నా అంకె ఆరు. నీదెంతక్కా?"

సిలాంతోయి వ్యాను లోపలికి వంగి, ఒక్కొక్క ముఖం మీదా కళ్ళు ఆనించి, తీరిగ్గా వెనక్కి వచ్చింది.

"ఉన్నవాళ్ళందరూ," అంది.

ముతెంగి కాగితం మీద సంతకం పెట్టించుకుని బండి కదిలించాడు.